నా మీద ఫైలు ఉందా? ఉంటే చూడొచ్చా?

ప్రశ్న: నేను అమెరికాలో, వర్జీనియాలో ఉంటాను. పౌరసత్వం వచ్చాక ఒక ఫెడరల్ శాఖలో ఐటీ ఉద్యోగంలో చేరాను. రహస్య పత్రాలు చూసే అనుమతి, అంటే సీక్రెట్ క్లియరెన్స్ ఉంది. లోపలివాళ్ళ వల్ల వచ్చే ముప్పు గురించి ఏటా చేయాల్సిన ఇన్‌సైడర్ థ్రెట్ ట్రైనింగ్ ఈమధ్యే పూర్తి చేశాను. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మా శాఖ ఫెడరల్ రిజిస్టర్‌లో (ప్రభుత్వ గెజిట్) వేసిన నోటీసు చదివితే బ్యాడ్జి వివరాలు, ప్రయాణాలు, అప్పులు, కంప్యూటర్ వాడకం అన్నీ సేకరిస్తామని ఉంది. పోయినేడు నాన్నగారికి సీరియస్‌గా ఉందంటే రెండు రోజుల్లో టికెట్ కొనుక్కుని ఇండియా వెళ్ళొచ్చాను. సెలవు పెట్టాను కానీ ఎక్కడికి వెళ్తున్నదీ సెక్యూరిటీ వాళ్ళకు చెప్పలేదు, వచ్చాకా చెప్పలేదు. ఆపరేషన్‌కి డబ్బు పంపాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కొన్నిసార్లు వాట్సాప్ వెబ్ తెరిచాను. ఇవన్నీ కాక, మా విభాగంలో ఒక కాంట్రాక్టు బిల్లుల గురించి శాఖలో అక్రమాలు విచారించే ఇన్‌స్పెక్టర్ జనరల్‌కి (ఐజీ) ఫిర్యాదు చేశాను. నా మీద ఫైలు ఉంటుందా? చూసుకునే హక్కు ఉందా? మా తమ్ముడు హెచ్‌1బి మీద ఒక కంపెనీ తరఫున ఇంకో శాఖ ప్రాజెక్టులో ఉన్నాడు. వాడికీ ఇదే చట్టం వర్తిస్తుందా? పేరు వేయకండి.

సమాధానం: మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు తొందరగా చేయాల్సిన పని చెప్తాను. ఆ ఇండియా ప్రయాణం సంగతి ఈ వారంలోనే మీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి రాసివ్వండి. నోటితో చెప్పి ఊరుకోవద్దు. రాసి, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

క్లియరెన్స్ ఉన్నవాళ్ళంతా సొంత పని మీద విదేశాలకు వెళ్ళేముందు చెప్పి అనుమతి తీసుకోవాలన్న నిబంధన 2017 జూన్ నుంచి ఉంది. సెక్యూరిటీ ఎగ్జిక్యూటివ్ ఏజెంట్ డైరెక్టివ్ 3 అంటారు దాన్ని. మీలాగా ఉన్నపళంగా బయల్దేరాల్సి వచ్చినవాళ్ళ గురించి అందులోనే ఉంది: వెళ్ళేముందు కనీసం పైఅధికారికి నోటిమాటగా చెప్పాలి, తిరిగొచ్చిన ఐదు పనిదినాల్లో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయింది, నిజమే. అయినా క్లియరెన్స్ విషయాలు తేల్చే మార్గదర్శకాల్లో ఒక మాట మీకు పనికొస్తుంది. దాచిన విషయాన్ని, మరిచిపోయిన విషయాన్ని ఎవరో వచ్చి నిలదీసేలోపే తనంతట తాను సరిదిద్దుకుంటే దాన్ని అనుకూలంగా చూడొచ్చు అని. ‘వెంటనే’ అన్న షరతు కూడా అక్కడే ఉంది కాబట్టి ఏడాది ఆలస్యం మీకు కొంత ప్రతికూలమే. కానీ వాళ్ళు అడిగాక చెప్పడం దీనికన్నా చాలా అధ్వాన్నం. పైగా క్లియరెన్స్ ఉన్నవాళ్ళని ఇప్పుడు ఐదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి కాక నిరంతరంగా పరిశీలిస్తున్నారు. అందులో క్రెడిట్, క్రిమినల్ రికార్డులతో పాటు విదేశీ ప్రయాణాలూ చూస్తారు. మీరు చెప్పని విషయం వాళ్ళకి తెలియదని ధీమాగా ఉండే పరిస్థితి లేదు.

రాసేటప్పుడు సంజాయిషీ పొడుగ్గా వద్దు. ఏ తేదీన వెళ్ళారు, ఎందుకు, ఏ ఊళ్ళో ఉన్నారు, ఎప్పుడొచ్చారు, చెప్పకపోవడానికి కారణం, ఇకముందు చెప్తానన్న మాట. ఇంతే. నాన్నగారి ఆస్పత్రి కాగితం ఒకటి జతచేస్తే మంచిది. డబ్బు పంపిన సంగతీ అందులోనే రాసేయండి. విదేశీయులకు ఆర్థిక సహాయం చేశారా అని, క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో ఎలాగూ అడుగుతారు. తల్లిదండ్రులకు వైద్యం కోసం డబ్బు పంపడం తప్పేమీ కాదు, ఈ దేశంలో పుట్టని ఉద్యోగులు చాలామంది చేసే పనే. ఓసీఐ కార్డు, ఊళ్ళో వాటా పొలం, ఇండియాలో బ్యాంకు ఖాతా లాంటివి మీ స్థాయి క్లియరెన్స్‌లో చెప్పాలా వద్దా అని అనుమానముంటే అదే ఉత్తరంలో అడగండి. టాప్ సీక్రెట్ వాళ్ళకి విదేశీ ఆస్తి, ఖాతా చెప్పడం తప్పనిసరి. సీక్రెట్ వాళ్ళ జాబితా చిన్నది. స్నేహితులు చెప్పిన జవాబు కన్నా ఆఫీసర్ రాసిచ్చిన జవాబు మీకు రక్ష.

ఇప్పుడు ఫైలు సంగతి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మనవాళ్ళు. ఆ పని ఎలాగైనా చేసి తీరాలని అమెరికా ప్రభుత్వం పెట్టుకున్న ఏర్పాటే ఇన్‌సైడర్ థ్రెట్ ప్రోగ్రాం. 2010లో ఒక సైనిక విశ్లేషకుడి స్థాయి ఉద్యోగి దగ్గర్నుంచి లక్షల రహస్య పత్రాలు, లీకైన పత్రాల్ని ప్రచురించే వికీలీక్స్ వెబ్‌సైటుకి చేరాక, 2011 అక్టోబర్ 7న అధ్యక్షుడు ఒబామా 13587 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చారు. మరుసటి ఏడు నవంబర్‌లో కనీస ప్రమాణాలు వచ్చాయి. ప్రతి శాఖలో దీనికో ఉన్నతాధికారి ఉండాలి, ఉద్యోగులకు ఏటా ట్రైనింగ్ ఇవ్వాలి, రహస్య నెట్‌వర్కుల మీద ఎవరేం చేస్తున్నారో గమనించాలి, హెచ్‌ఆర్, సెక్యూరిటీ, కంప్యూటర్ విభాగాల సమాచారాన్ని ఒకచోటికి తెచ్చి చూడాలి. 2013లో నిఘా సంస్థ రహస్యాల్ని బయటపెట్టిన స్నోడెన్ ఉదంతం, అదే సెప్టెంబర్‌లో వాషింగ్టన్ నేవీ యార్డులో క్లియరెన్స్ ఉన్న ఒక కాంట్రాక్టు ఉద్యోగి 12 మందిని కాల్చి చంపడం, ఈ రెండూ దాన్ని ఇంకా గట్టిపరిచాయి. పత్రాల లీకుతో మొదలైన ప్రోగ్రాం హింస దాకా విస్తరించింది అక్కడే. కొన్ని శాఖలు క్లియరెన్స్ లేని ఉద్యోగుల్ని కూడా దీని కిందికి తెచ్చాయి.

మీరు చదివిన నోటీసు మీ మీద ఫైలు తెరిచారనడానికి రుజువు కాదు. అది 1974 నాటి ప్రైవసీ యాక్ట్ ప్రకారం ప్రభుత్వం చేయాల్సిన ప్రకటన. సిస్టం ఆఫ్ రికార్డ్స్ నోటీస్, పొట్టిగా సోర్న్ అంటారు. పేరుతోనో, ఉద్యోగి నంబరుతోనో వెతికి తీసేలా మనుషుల సమాచారం దాచే ఏ వ్యవస్థకైనా, ఎవరి వివరాలు ఉంటాయి, ఏ రకం వివరాలు, ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎవరికిస్తారు, ఎన్నాళ్ళుంచుతారు, చూడాలంటే ఎవర్ని అడగాలి అన్నది ముందుగా అచ్చువేయాలి. ఈ ఆలోచన 1973లో ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖ వేసిన ఒక సలహా సంఘం నివేదికలోంచి వచ్చింది. మనుషుల గురించి రికార్డులు పెట్టుకోవడం సరే, అసలు అలాంటి వ్యవస్థ ఉందన్న సంగతే రహస్యంగా ఉండకూడదన్నది అందులో మొదటి సూత్రం. ఆ వెంటనే అధ్యక్షుడు నిక్సన్ పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కుంభకోణం వేడి. 1974 డిసెంబర్ 31న అధ్యక్షుడు ఫోర్డ్ ఆ చట్టం మీద సంతకం పెట్టారు. అంటే మీకు నిద్ర లేకుండా చేసిన ఆ నోటీసు, అసలు మీలాంటివాళ్ళ కోసం పుట్టిందే.

అందులో వర్ణించినంత సమాచారం ప్రతి ఉద్యోగి గురించీ పోగేసి కూర్చుంటారని అనుకోకండి. ‘సేకరించవచ్చు’ అన్నవాటి జాబితా అది. లాయర్లు రాస్తారు కాబట్టి ఏదీ వదలకుండా రాస్తారు. నిజంగా జరిగేది ఎక్కువగా ఇలా ఉంటుంది: కంప్యూటర్ లాగులు, బ్యాడ్జి లాగులు అందరివీ వస్తూనే ఉంటాయి. ఎక్కడో ఒక హెచ్చరిక మోగుతుంది. అర్ధరాత్రి పెద్ద ఎత్తున ఫైళ్ళు డౌన్‌లోడ్ కావడం, సంబంధం లేని ఫోల్డర్లు తెరవడం, పక్క సీటు మనిషి ఫిర్యాదు చేయడం లాంటివి. అప్పుడు విశ్లేషకుడు ఆ ఒక్క పేరు మీద హెచ్‌ఆర్ ఫైలు, సెక్యూరిటీ ఫైలు, ప్రయాణాలు, క్రమశిక్షణ చర్యలు తెప్పించి చూస్తాడు. ‘విచారణ తెరిచారు’ అనేది అక్కణ్ణుంచి. కాబట్టి ప్రశ్న ‘నా సమాచారం వాళ్ళ దగ్గరుందా’ అని కాదు, ఉంది. దాన్ని ఒకచోట చేర్చారా లేదా అన్నదే ప్రశ్న.

నిఘాని అడ్డుకోవచ్చా అని మీరు అడగలేదు, అడిగినా జవాబు కాదనే. లాగిన్ అయ్యేటప్పుడు ఓకే కొట్టే ఆ బ్యానర్‌లో, ఈ కంప్యూటర్ మీద మీకు ప్రైవసీ ఉంటుందని ఆశించకండి అని రాసే ఉంటుంది. రహస్య నెట్‌వర్కుల మీదయితే కీబోర్డు మీద ఏం కొట్టారు, స్క్రీన్ మీద ఏముంది అన్నది కూడా పట్టే సాఫ్ట్‌వేర్ ఉండాలన్నదే నిబంధన. ప్రభుత్వోద్యోగికి ఆఫీసులో, అకారణ సోదాల నుంచి కాపాడే రాజ్యాంగపు నాలుగో సవరణ రక్షణ పూర్తిగా పోదని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయితే యజమానిగా ప్రభుత్వం చేసే సోదా సహేతుకంగా ఉంటే చాలంది. 2011లో నాసాకి పనిచేసే కాంట్రాక్టు శాస్త్రవేత్తలు, నేపథ్య పరిశీలనలో అడిగే ప్రశ్నలు మరీ సొంత విషయాల్లోకి వస్తున్నాయని కోర్టుకెక్కారు. ఓడిపోయారు. ప్రభుత్వం ఆ ప్రశ్నలు అడగొచ్చు అనడానికి కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి గమనించండి: వచ్చిన జవాబులు బయటికి పోకుండా ప్రైవసీ యాక్ట్ ఉంది కదా అని. అంటే అడగడాన్ని ఆపలేకపోయినా, రాసుకున్నదాన్ని కాపాడాల్సిన బాధ్యత ఆ చట్టం మీద పడింది.

ఆ చట్టం ఆ బాధ్యత మోయగలుగుతోందా? నన్నడిగితే, సగమే.

కాగితం మీద మీ హక్కులు బాగానే ఉన్నాయి. మీ రికార్డు అడిగి చూడొచ్చు. తప్పుంటే సవరించమనొచ్చు. సవరణ అడిగితే 10 పనిదినాల్లో అందిందని చెప్పాలి. కాదంటే మళ్ళీ పైకి వెళ్ళొచ్చు, అప్పటికీ కాదంటే ‘నేను ఒప్పుకోను’ అని మీ మాట ఆ ఫైల్లోనే చేర్పించొచ్చు. ఆ తర్వాత ఆ భాగాన్ని ఎవరికి చూపించినా మీ మాట కూడా చూపించాలి. మీరు ఏ సభకు వెళ్ళారు, ఏం మాట్లాడారు, ఏ మతం అన్నట్టు రాజ్యాంగపు మొదటి సవరణ (వాక్, మత స్వేచ్ఛ) కిందికొచ్చే వాటి మీద రికార్డు పెట్టకూడదు. చట్టం స్పష్టంగా అనుమతిస్తేనో, మీరు ఒప్పుకుంటేనో, చట్టాన్ని అమలు చేసే విభాగపు పరిధిలోని పనికి సంబంధించినదైతేనో తప్ప.

కానీ అదే చట్టంలో మినహాయింపులున్నాయి. రహస్య సమాచారం, దర్యాప్తు సమాచారం అని చెప్పి శాఖలు ఒక రూల్ చేసుకుని, చూసుకునే హక్కు నుంచి ఆ వ్యవస్థను తప్పించొచ్చు. ఇన్‌సైడర్ థ్రెట్ వ్యవస్థలకు ఆ మినహాయింపులు తీసుకోవడం మామూలే. మీ శాఖ నోటీసు చివర్న ‘మినహాయింపులు’ అన్న పేరా చూడండి, అక్కడ చట్టంలో ఏ క్లాజు కింద తప్పించారో చెప్పే (కె)(2), (కె)(5), (జె)(2) లాంటి అక్షరాలు కనిపిస్తాయి. మీరు ఇన్‌సైడర్ ఫైలు అడిగితే, ఉందని గానీ లేదని గానీ చెప్పలేం అన్న జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. ఒక చిన్న సందు ఉంది. (కె)(2) కింద దాచిన దర్యాప్తు సమాచారం వల్ల మీకు చట్టప్రకారం రావాల్సిన హక్కో ప్రయోజనమో పోతే, మాట ఇచ్చి పేరు దాచిన సాక్షి ఎవరో తెలిసే భాగం తప్ప మిగతాది ఇవ్వాలి. ఆ పరిస్థితి వస్తే అప్పుడు లాయర్ ఉండాలి.

అందుకని నా సలహా వేరు. చూడనివ్వని ఫైలు తలుపు దగ్గర నిలబడకండి. దాన్లోకి సమాచారం ఏ ఫైళ్ళనుంచి వెళ్తుందో ఆ ఫైళ్ళు చాలావరకు మీరు చూడగలిగేవే. మొదటిది మీ ఉద్యోగ రికార్డులుండే ఎలక్ట్రానిక్ పర్సనెల్ ఫోల్డర్, ఇవాళే తెరిచి చూడొచ్చు. రెండోది ముఖ్యమైంది: మీ నేపథ్య పరిశీలన ఫైలు. ఇది 2019 అక్టోబర్ నుంచి డీసీఎస్‌ఏ అనే రక్షణ శాఖ సంస్థ చేతిలో ఉంది. ప్రైవసీ యాక్ట్ కింద అడిగితే మీ ఎస్‌ఎఫ్-86 కాపీ, దాని మీద దర్యాప్తు అధికారి రాసిన నివేదిక, పొరుగువాళ్ళు, పాత మేనేజర్లు ఏమన్నారో ఆ వివరాలు, దాచాల్సినవి దాచి మిగతావి పంపుతారు. చాలామంది తమ ఎస్‌ఎఫ్-86 నకలు కూడా ఉంచుకోరు. అయిదేళ్ళ తర్వాత ఏ చుట్టం పేరు రాశారో గుర్తుండక, రెండోసారి వేరేలా రాసి ఇరుక్కుంటారు. పుట్టిన తేదీల్లో తేడాలు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం, పాస్‌పోర్టులో ఒకలా, సర్టిఫికెట్లలో ఒకలా పేరుండటం మనవాళ్ళకి ఎంత మామూలో తెలుసు కదా. పేర్లు సరిపోల్చే యంత్రానికి అది ఇద్దరు మనుషుల్లా కనిపించొచ్చు. మూడోది మీ క్రెడిట్ రిపోర్టు. తీర్చేసిన అప్పు ఇంకా బాకీ అని చూపిస్తుంటే అక్కడే దిద్దించండి.

అడిగే ఉత్తరం పెద్దదేం కాదు. ‘ప్రైవసీ యాక్ట్ కింద, ఎఫ్‌ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) కింద కూడా అడుగుతున్నాను’ అని రెండూ రాయండి, ఎక్కువ ఇచ్చే చట్టం ఏదైతే అది వర్తిస్తుంది. ఏ రికార్డుల వ్యవస్థో దాని పేరు, నంబరు నోటీసులోంచి ఎక్కించండి. ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకో చెప్పండి. మీరు మీరేనని నోటరీతో గానీ, అబద్ధమైతే శిక్షకు సిద్ధమన్న ప్రమాణ వాక్యంతో గానీ సంతకం పెట్టండి. ఆఫీసు మెయిల్ నుంచి కాక సొంత మెయిల్ నుంచి పంపండి. ఇన్‌సైడర్ ఫైలు కోసం కూడా అడగాలా అంటే, హక్కు ఉంది, అడిగినందుకు శిక్షించకూడదు. నేనైతే ముందు ప్రయాణం సంగతి చెప్పి, నేపథ్య ఫైలు తెప్పించుకుని, అందులో ఏమైనా వింతగా కనిపిస్తేనే అడుగుతాను.

ఎన్నాళ్ళుంచుతారని మీరు అడగలేదు, కానీ నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా అనిపించేది అదే. ప్రభుత్వ రికార్డుల్ని చూసుకునే నేషనల్ ఆర్కైవ్స్, ఏ రికార్డు ఎన్నాళ్ళుంచాలో అన్ని శాఖలకూ కలిపి ఇచ్చిన షెడ్యూల్ 5.6 ప్రకారం ఇన్‌సైడర్ థ్రెట్ విచారణ రికార్డుల్ని విచారణ ముగిసిన 25 ఏళ్ళకి నాశనం చేస్తారు. కంప్యూటర్ వాడకం మీద సేకరించిన డేటా అయితే విచారణ తెరిచిన తర్వాత కనీసం 5 ఏళ్ళు ఉండాలి, అవసరమనుకుంటే ఇంకా ఉంచుకోవచ్చు. ఏమీ తేలని విచారణ కూడా మనిషి రిటైరయ్యేదాకా బీరువాలో ఉండాలా? గూఢచర్యం ఏళ్ళ తరబడి సాగుతుంది, పాత ఆధారం ఎప్పుడో అతుక్కుంటుంది అని వాళ్ళ వాదన. అందులో పస లేదనను. కానీ నిరాధారమని తేలిన ఫిర్యాదుకీ, నిజంగా పత్రాలు దొంగిలించినవాడి కేసుకీ ఒకే గడువు ఉండటం న్యాయంగా లేదు.

దాచినకొద్దీ పోయేది ఎక్కువ. ఓపీఎం అనే కేంద్ర సిబ్బంది కార్యాలయం నుంచి నేపథ్య పరిశీలన రికార్డులు దొంగలెత్తుకుపోయిన సంగతి 2015లో బయటపడింది. 2 కోట్ల 15 లక్షల మందివి. అందులో 56 లక్షల మంది వేలిముద్రలు కూడా. చుట్టాలు, అప్పులు, మానసిక చికిత్సలు, ఎస్‌ఎఫ్-86లో నిజాయితీగా రాసినవన్నీ పోయాయి. చివరికి 2022లో 6.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, అదీ జేబులోంచి డబ్బు నష్టపోయామని చూపించగలిగినవాళ్ళకే. ఎందుకలా అంటే, ప్రైవసీ యాక్ట్‌లో ‘వాస్తవ నష్టం’ ఉండాలి. 2012లో ఒక పైలట్ కేసులో సుప్రీంకోర్టు, ఆయన హెచ్‌ఐవీ వివరాలు ఒక ప్రభుత్వ సంస్థ నుంచి ఇంకో సంస్థకి అక్రమంగా చేరినా, మానసిక క్షోభ ఒక్కటే అయితే ఆ చట్టం కింద పరిహారం రాదని తేల్చేసింది. రహస్యం బయటపడితే మనిషికి జరిగే నష్టం అదే కదా ముఖ్యంగా! ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక మీ ఫిర్యాదు. దీని విషయంలో మీరు భయపడాల్సిందానికన్నా ఎక్కువ భయపడుతున్నారు, జాగ్రత్తపడాల్సిందానికన్నా తక్కువ జాగ్రత్తపడుతున్నారనిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్ జనరల్‌కి చెప్పడం చట్టబద్ధమైన దారి. 13587 ఆర్డర్‌లోనే, చట్టం కాపాడే ఫిర్యాదుల్ని పసిగట్టడానికి గానీ, అడ్డుకోవడానికి గానీ ఈ ప్రోగ్రాంని వాడకూడదని రాసి ఉంది. అయితే రాసి ఉన్నది ఒకటి, జరిగింది ఒకటి. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏలో ఆ పరికరాల అనుమతుల మీద అభ్యంతరాలు చెప్పిన కొందరు శాస్త్రవేత్తల కంప్యూటర్ల మీద నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టారు. వాళ్ళు అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుల కార్యాలయాలకు, తమ లాయర్లకు రాసుకున్న మెయిళ్ళు కూడా పట్టుకున్నారు. ఆ నిఘాలో పోగైన దాదాపు 80,000 పేజీలు ఒక కాంట్రాక్టర్ పొరపాటున ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం వల్ల అది ఎంత దూరం వెళ్ళిందో 2012లో బయటపడింది. ఆ ఏడు జూన్‌లో, ఫిర్యాదు చేసిన ప్రభుత్వోద్యోగుల్ని కాపాడే ఆఫీస్ ఆఫ్ స్పెషల్ కౌన్సెల్, ఫిర్యాదుదారుల సంభాషణల్ని లక్ష్యంగా చేసుకుని నిఘా పెట్టొద్దని శాఖలన్నిటికీ మెమో పంపాల్సి వచ్చింది.

అందుకని ఐజీతో, లాయర్‌తో మాట్లాడేది ఇంటి కంప్యూటర్ నుంచి, సొంత ఫోన్ నుంచి, డ్యూటీ సమయం కాని వేళ. ఫిర్యాదు చేసిన తేదీ, ఎవరితో మాట్లాడారు, ఆ తర్వాత మీ పట్ల ఆఫీసులో ఏం మారింది అన్నది ఇంట్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. రహస్య సమాచారం అందులో ఒక్క ముక్క కూడా రానివ్వకండి. ఆధారాలు కదా అని బిల్లుల కాపీలు మీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకున్నారా? చేసుంటే ఆపేయండి, లాయర్‌కి చెప్పండి. ఆఫీసు పత్రాలు సొంత మెయిల్‌కి వెళ్ళడం అనేది ఆ సాఫ్ట్‌వేర్ మొట్టమొదట పట్టే సంగతి. నిజాయితీగా చేసినా దొంగతనంలాగే కనిపిస్తుంది. ఏ పత్రం ఎక్కడుందో ఐజీకి చెప్పండి, తెచ్చుకునే అధికారం వాళ్ళకుంది.

ఎప్పుడైనా పిలిచి ప్రశ్నలడిగితే? అబద్ధం మాత్రం వద్దు, చిన్నదైనా. ఫెడరల్ అధికారికి తెలిసి అబద్ధం చెప్పడం దానికదే నేరం, ఐదేళ్ళ దాకా జైలు. గుర్తులేకపోతే గుర్తులేదనండి. యూనియన్ పరిధిలో ఉన్న ఉద్యోగం అయితే, ఈ విచారణ వల్ల క్రమశిక్షణ చర్య రావొచ్చని అనిపించినప్పుడు ప్రతినిధి కావాలని అడిగే హక్కు ఉంది. మీరు అడగాలి, వాళ్ళంతట వాళ్ళు గుర్తుచేస్తారని అనుకోకండి. ఒక విషయం తెలిసుండాలి: క్లియరెన్స్ తీసేస్తే, తీసేయడం సరైందా కాదా అన్నది ఉద్యోగుల అప్పీలు బోర్డు తేల్చదు, 1988 నుంచీ సుప్రీంకోర్టు మాట అది. కాబట్టి శాఖ లోపల జరిగే మొదటి విచారణలోనే మీ కాగితాలన్నీ పెట్టుకోవాలి. తర్వాత చూద్దాంలే అంటే తర్వాత చూసే చోటు ఉండదు.

వాట్సాప్ వెబ్ విషయం చిన్నది. అన్‌క్లాసిఫైడ్, అంటే రహస్య సమాచారం లేని ల్యాప్‌టాప్‌లోనే కదా? ఇక తెరవకండి. లింక్ చేసిన డివైజుల్లోంచి దాన్ని తీసేయండి. చాట్లు చెరిపేసే పని, ల్యాప్‌టాప్ హిస్టరీ తుడిచే పని పెట్టుకోవద్దు. తెరవడం కన్నా తుడవడం పెద్ద తప్పులా కనిపిస్తుంది. మీ ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ అడుగుతారేమో అన్న భయం ఉంటే అదీ వదిలేయండి. బహిరంగంగా పెట్టిన పోస్టులు చూడొచ్చు గానీ, పాస్‌వర్డ్ అడగకూడదని పైన చెప్పిన డైరెక్టివ్‌ల వరసలోనే 2016 నాటి ఐదో దాంట్లో ఉంది.

తమ్ముడి సంగతి మీదానికన్నా ఇబ్బంది. ప్రైవసీ యాక్ట్ దృష్టిలో ‘వ్యక్తి’ అంటే పౌరుడు లేదా గ్రీన్‌కార్డు ఉన్న మనిషి మాత్రమే. హెచ్‌1బి వాళ్ళు అందులోకి రారు. 2016లో అమల్లోకి వచ్చిన జ్యుడీషియల్ రిడ్రెస్ చట్టం కొన్ని దేశాల పౌరులకు కొంతవరకు ఆ హక్కులిచ్చింది గానీ, ఆ జాబితాలో ఎక్కువగా ఐరోపా దేశాలే, ఇండియా లేదు. పైగా అతని గురించి కంపెనీ తన దగ్గర పెట్టుకున్న ఫైలుకి ఈ ఫెడరల్ చట్టమే వర్తించదు, ఆ శాఖ తరఫున ఆ రికార్డుల వ్యవస్థని కంపెనీ నడుపుతుంటే తప్ప. అతనికి మిగిలిందేమిటంటే ఎఫ్‌ఓఐఏ. దానికి పౌరసత్వం అక్కర్లేదు, ఎవరైనా అడగొచ్చు, 20 పనిదినాల్లో జవాబివ్వాలన్నది నియమం, ఆలస్యమవడం అలవాటు. శాఖకి బ్యాడ్జి కోసం తను నింపిచ్చిన ఫారాల కాపీలు, తన మీద జరిపిన పరిశీలన ఫలితం అడగమనండి. కంపెనీ హెచ్‌ఆర్‌ని తన పర్సనల్ ఫైలు చూపించమని వేరే అడగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఆ హక్కు ఉంది. కాలిఫోర్నియాలో అయితే 2023 జనవరి నుంచి పెద్ద కంపెనీల ఉద్యోగులకు తమ డేటా అడిగే హక్కు కూడా వచ్చింది. అతను ఏ రాష్ట్రంలో ఉన్నాడో మీరు రాయలేదు. గ్రీన్‌కార్డు వచ్చిన రోజున మీలాగే డీసీఎస్‌ఏకి ఉత్తరం రాయొచ్చు. ఈలోగా తను సంతకం పెట్టిన ప్రతి ఫారం ఫోటో తీసి దాచుకోమనండి.